సవర పిల్లల చదువుకీ ‘జన్యువుల శాతానికీ’ ముడిపెట్టొద్దు

సంపాదకులకు,

‘తెలివి సగానికి పైగా జన్యువులదేనని సైన్సే తేల్చింది, అందుకే కొన్ని తెగల పిల్లలకు చదువు అబ్బదు’ అనే మాట ఫోన్లలో తిరిగి తిరిగి మన బడుల్లోకీ వచ్చేసింది. మన జిల్లా మెళియాపుట్టి, మందస కొండల్లోని సవర తెగ పిల్లల గురించి చదువుకున్నవాళ్లే ఇలా అంటున్నారు. ఆ వాక్యంలో మొదటి ముక్కకు కొంత ఆధారం ఉంది. రెండో ముక్క మాత్రం అందులోంచి రాదు.

కవలల మీద జరిగిన అధ్యయనాల్లో, తెలివి పరీక్ష (ఐక్యూ) మార్కుల తేడాల్లో జన్యువుల వాటా చిన్నతనంలో 40 శాతం దగ్గర, పెద్దయ్యేసరికి 60 దాటి కనిపిస్తుంది. ఇది ఒక గుంపు లోపల, ఆ గుంపు పెరిగిన పరిస్థితుల్లో మనిషికీ మనిషికీ ఉన్న తేడాల లెక్క. రెండు గుంపుల మధ్య తేడాకు ఇది పనికిరాదు.

మన పొలంలోనే చూడొచ్చు. నాలుగైదు వంగడాలు కలిసిపోయిన ఒకే బస్తా విత్తనంతో నారుపోసి, సగం వంశధార కాలువ పక్క మడిలో, సగం నీరందని శివారు మడిలో ఊడ్చండి. ఒక్కో మడి లోపల నీరు, ఎరువు అంతటా ఒకటే అనుకుంటే దుబ్బుకీ దుబ్బుకీ ఉన్న తేడా విత్తనానిదే, నూటికి నూరుపాళ్లు. అయినా రెండు మళ్ల దిగుబడిలో తేడా నీటిది, విత్తనానిది కాదు. ఉభాలైన (నాట్లు వేసిన) రెండు మూడు వారాలకు ఆకు మీద తుప్పు మచ్చలొచ్చి దుబ్బు గిడసబారితే, వంగడమే మంచిది కాదని ఏ రైతూ చేను వదిలేయడు. జింక్ లోపమని తెలిసి లీటరు నీటికి 2 గ్రాముల జింక్ సల్ఫేట్ కలిపి కొడతాడు. పిల్లల విషయంలోనూ అదే చూపు కావాలి.

గర్భిణికి అయోడిన్ బాగా తగ్గితే బిడ్డ మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది, తర్వాత ఏం తినిపించినా ఆ లోటు పూర్తిగా పూడదు. ఇంటికి చేరే ఉప్పులో కిలోకు కనీసం 15 మిల్లీగ్రాముల అయోడిన్ ఉండాలి. నౌపడ వైపు ఉప్పు మళ్ల నుంచి నేరుగా తెచ్చుకునే కల్లుప్పులో, విడిగా కలిపితే తప్ప అది ఉండదు. కలిపిన ఉప్పునైనా మూతలేని గిన్నెలో, తడిలో ఉంచితే తగ్గిపోతుంది.

ఇక భాష. గిడుగు రామమూర్తి పంతులు సవర నేర్చుకుని, సవర పిల్లలకు సవరలోనే పుస్తకాలు రాసి బడులు పెట్టిన ప్రాంతం ఇది. ఇంట్లో సవర మాట్లాడే ఆరేళ్ల పిల్లకు తెలుగు ప్రశ్నపత్రం ఇస్తే తెలిసేది ఆమెకు తెలుగు ఎంత వచ్చో అంతే.

20వ శతాబ్దంలో అమెరికాలో తెలివి పరీక్షల సగటు మార్కులు పదేళ్లకు దాదాపు 3 చొప్పున పెరిగాయని పరిశోధకుడు జేమ్స్ ఫ్లిన్ చూపించారు. రెండు మూడు తరాల్లో జన్యువులు అంతగా మారవు.

జన్యువులు లెక్కలోకి రావని అనడం లేదు. మన ఏజెన్సీలో ఉన్న సికిల్ సెల్ జబ్బు బీటా గ్లోబిన్ జన్యువులో ఒక్క అక్షరం మార్పు. తల్లీ తండ్రీ ఇద్దరూ వాహకులైతే (తమకు జబ్బు లేకున్నా ఆ మార్పును ఒక కాపీలో మోసేవారైతే) ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. అది కూడా జాతిని బట్టి రాలేదు. ఆఫ్రికాలో, అరేబియాలో, గ్రీసులో, మన కొండల్లో, మలేరియా ఎక్కువగా ఉన్న చోట్ల నిలిచింది. తెలివికి అలాంటి ఒక్క జన్యువు లేదు. 2022లో 30 లక్షల మంది డీఎన్ఏ గాలిస్తే, చదువుకున్న ఏళ్లతో ముడిపడ్డ చోట్లు 3,900 పైగా దొరికాయి. ఒక్కోదాని ప్రభావం ఆవగింజంత. పైగా ఐరోపా మూలాలవారి మీద కట్టిన ఆ లెక్క ఇతరుల దగ్గర సరిగా పనిచేయదు.

ఉపాధ్యాయ మిత్రులను కోరేది ఒకటే. ఏ పిల్లవాడినైనా మందబుద్ధి అనే ముందు హిమోగ్లోబిన్ చూపించండి (5 నుంచి 11 ఏళ్ల వారికి డెసిలీటరు రక్తంలో 11.5 గ్రాములకు తగ్గితే రక్తహీనతే). కళ్లు, చెవులు పరీక్ష చేయించండి. అదే ప్రశ్నను సవర వచ్చినవారి చేత ఒకసారి సవరలో అడిగించండి.

– జీవశాస్త్ర అధ్యాపకులు, శ్రీకాకుళం