ఐసీటీసీ మేడమ్‌కి, 1097లో మాట్లాడిన అక్కకి, నా రూమ్మేట్‌కి కృతజ్ఞతలు

మా జిల్లా ప్రభుత్వాసుపత్రిలోని ఐసీటీసీ (హెచ్‌ఐవీ పరీక్ష, సలహా కేంద్రం) కౌన్సెలర్ మేడమ్‌కి మనస్ఫూర్తిగా నమస్కారాలు. నా పేరు, ఊరి పేరు రాయలేకపోతున్నాను. ఆవిడను అడగకుండా ఆవిడ పేరు రాయడం కూడా మర్యాద కాదు. అయినా ఈ మాటలు చెప్పకుండా ఉండలేను.

జరిగింది చిన్నమాటలో చెప్తాను. ఒకమ్మాయితో కలిసినప్పుడు కండోమ్ చిరిగిపోయింది. తర్వాత కొన్నాళ్లకు గొంతు నొప్పి, ఒళ్లు వెచ్చబడటం. హెచ్‌ఐవీ సోకిందేమోనన్న భయంతో ఇక అక్కణ్నుంచి నాకు నిద్ర లేదు. అర్ధరాత్రి ఫోన్ టార్చి వేసుకుని అద్దంలో నాలుక చూసుకునేవాణ్ని. మెడ కింద గడ్డలేమైనా తగులుతున్నాయేమోనని రోజంతా నొక్కుకుంటూ ఉండేవాణ్ని. అమ్మ పెళ్లి సంబంధాల ఫొటోలు పంపితే తెరిచి చూసే ధైర్యం ఉండేది కాదు. ఒక ప్రైవేటు ల్యాబ్‌కి వెళ్తే కౌంటర్‌లో ఉన్నాయన "హెచ్‌ఐవీ టెస్టు ఎవరికి?" అని నలుగురి ముందూ గట్టిగా అడిగాడు. అక్కణ్నుంచి అలాగే వచ్చేశాను. ఇలాంటి వివరాలు గోప్యంగా ఉంచాలని, మన అంగీకారం లేకుండా ఈ పరీక్ష చేయకూడదని 2017లో ఏకంగా చట్టమే చేశారు. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది.

నా రూమ్మేట్ ఏమీ గుచ్చిగుచ్చి అడగలేదు. "మామా, ముందు వీళ్లతో మాట్లాడు" అని హెచ్‌ఐవీ హెల్ప్‌లైన్ 1097 కలిపి, ఫోన్ నా చేతిలో పెట్టి, తలుపు దగ్గరగా వేసి బయటికెళ్లిపోయాడు. అది టోల్‌ఫ్రీ నంబరు, తెలుగులోనే మాట్లాడారు. అవతల ఉన్న అక్క పేరు కూడా అడగలేదు. నా ఏడుపు ఆగేదాకా లైన్‌లోనే ఉండి, ఐసీటీసీకి వెళ్తే ఉచితంగా పరీక్ష చేస్తారని చెప్పింది. మర్నాడు మావాడు సెలవు పెట్టి నాతో వచ్చి బయట బెంచీ మీద కూర్చున్నాడు. రేయ్, నీ రుణం తీర్చుకోలేను.

మేడమ్ ముందు తలుపు మూశారు. ఎప్పుడు జరిగింది, మూత్రంలో మంట ఉందా, పుండ్లేమైనా వచ్చాయా అని అడిగారు. ఆ అమ్మాయి ఎవరు, నీకివన్నీ ఎందుకు అన్న మాట మాత్రం ఆవిడ నోటి నుంచి రాలేదు. 72 గంటల్లోపు వచ్చి ఉంటే వైరస్ సోకకుండా ఆపే పెప్ అనే మందులు మొదలుపెట్టి 28 రోజులు వాడించేవాళ్లమని, ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిదని చెప్పారు. నాకు ఆ గడువు దాటిపోయింది. చదివేవాళ్లలో ఎవరికైనా అవసరం పడితే ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి, రాత్రయినా సరే ఆసుపత్రికి వెళ్లండి.

"ఏం కాదులే" అని ధైర్యం చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు. అవతలి మనిషికి వైరస్ ఉన్నా, మగవాడికి ఒక్క కలయికతో సోకే అవకాశం పదివేలకు నాలుగు దాకా ఉంటుందన్న లెక్క నేనూ చదివాను. కానీ భయంలో ఉన్నవాడికి ఆ నలుగురిలో తనే కనిపిస్తాడు. మేడమ్ ఆ దారిలో పోలేదు. పాజిటివ్ వస్తే ఏం చేద్దామో కూడా కూర్చోబెట్టి చెప్పారు. 2004 నుంచి ప్రభుత్వం హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు ఉచితంగా ఇస్తోందని, రోజూ వేసుకుంటూ రక్తంలో వైరస్ కనిపించనంతగా తగ్గి అలాగే ఉంటే కలయిక ద్వారా భాగస్వామికి సోకదని, పెళ్లి చేసుకుని ఆరోగ్యంగా పిల్లల్ని కన్నవాళ్లు ఉన్నారని చెప్పారు. నాకు గుండె దిటవు చేసింది ఆ మాటలే. అంతవరకు నేను పాజిటివ్ అని రిపోర్టు వస్తే అక్కడితో నా బతుకు ఆగిపోతుందనే అనుకున్నాను.

నా మెడ గురించి చెప్తే, "రోజంతా నొక్కుతూ ఉంటే నొప్పి రాక ఏం చేస్తుంది బాబూ? చెయ్యి తియ్యి. లక్షణాల్ని బట్టి ఎవరూ చెప్పలేరు, రక్తపరీక్షే చెప్పాలి" అన్నారు.

మొదటి పరీక్ష నెగెటివ్. వైరస్ సోకినా కొత్తలో పరీక్షకు దొరక్కపోవచ్చని, దాన్నే విండో పీరియడ్ అంటారని, మూడు నెలలు నిండాక ఇంకోసారి చేస్తే ఇక అనుమానం ఉండదని చెప్పి, ఓపీ చీటీ వెనక ఆ తేదీ రాసి చుట్టూ గుండ్రంగా గీశారు. అప్పటిదాకా కండోమ్ లేకుండా ఎవరితోనూ కలవొద్దని, రక్తదానం చేయొద్దని కూడా చెప్పారు. సిఫిలిస్ అనే సుఖవ్యాధికి కూడా పరీక్ష చేయించారు. ల్యాబ్ టెక్నీషియన్ గారు నా చెయ్యి వణుకుతుంటే పట్టుకుని, వణుకు తగ్గాకే సూది వేశారు. ఆయనకూ నమస్కారం.

మూడు నెలల తర్వాత రిపోర్టు కూడా నెగెటివ్ వచ్చింది. నేను వెంటనే "ఇంకోసారి చేయించుకోనా మేడమ్?" అని అడిగాను. "వద్దు. ఇది అయిపోయింది. ఇంకా నిద్ర పట్టకపోతే పైఅంతస్తులో సైకియాట్రీ ఓపీ ఉంది, అక్కడికి వెళ్లు, ల్యాబ్‌కి కాదు" అన్నారు. వెళ్లాను మేడమ్. ఇప్పుడు నిద్ర పడుతోంది. మళ్లీ టెస్టు చేయించుకోలేదు.