కాలనీ సంక్షేమ సంఘం, సాంస్కృతిక విభాగం: 2024–25 వార్షిక నివేదిక

గౌరవనీయులైన సభ్యులకు నమస్కారం. 2024–25 సంవత్సరంలో మన సాంస్కృతిక విభాగం చేపట్టిన కార్యక్రమాల వివరాలను కార్యవర్గం తరఫున ఈ సర్వసభ్య సమావేశం ముందు ఉంచుతున్నాను. మంచినీరు, పారిశుద్ధ్యం, భద్రత గురించిన నివేదికలను ఆయా విభాగాల బాధ్యులు విడిగా చదువుతారు కనుక, ఈ నివేదిక మన యాత్రలకే పరిమితమవుతుంది.

రెండు రోజుల్లో ఐదారు క్షేత్రాలు చుట్టి వచ్చే పద్ధతిపై కిందటి సమావేశంలో పెద్దలు కొందరు అభ్యంతరం తెలిపిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. బస్సు దిగడం, వరుసలో నిలబడడం, ప్రసాదం అందుకుని మళ్ళీ బస్సెక్కడం తప్ప ఏ ఊరినీ చూడలేదన్న వారి మాట న్యాయమైనదే. అందుకని ఈ ఏడాది యాత్రలన్నీ ఒకే ఊరికి, వేర్వేరు కాలాల్లో చేయాలని కార్యవర్గం నిర్ణయించింది. ఆ ఊరు జోగులాంబ గద్వాల జిల్లాలోని ఆలంపురం. హైదరాబాదు నుంచి కర్నూలు వైపు 44వ జాతీయ రహదారిపై ప్రయాణించినప్పుడల్లా మనలో చాలామంది ఆలంపూర్ చౌరస్తా పేరు చదివే ఉంటారు. అక్కడ పక్కకు తిరిగి తుంగభద్ర ఒడ్డుకు వెళ్ళినవారు మాత్రం మన కాలనీలో పది మందికి మించి లేరని పేర్లు నమోదు చేసుకునేటప్పుడు తెలిసింది.

తొలి యాత్రను ఆగస్టు మధ్యలో అనుకున్నాము. ఆగస్టు 10 రాత్రి హోస్పేట వద్ద తుంగభద్ర జలాశయం 19వ గేటు కొట్టుకుపోయి దిగువకు భారీగా నీరు వదలవలసి రావడంతో, వృద్ధులూ పిల్లలూ ఉన్న బృందాన్ని ఆ రోజుల్లో నది ఒడ్డుకు తీసుకువెళ్ళడం మంచిది కాదని భావించి సెప్టెంబరు రెండవ పక్షానికి వాయిదా వేశాము. వాయిదా ఒక రకంగా మేలే చేసింది. మేము వెళ్ళేసరికి నది నిండుగా, నెమ్మదిగా సాగుతోంది. ఊరిని ముంపు నుంచి కాపాడడానికి కట్టిన కరకట్ట మీద నిలబడితే ఒకవైపు నీరు, మరొకవైపు వేపచెట్ల నడుమ శిఖరాలు కనిపిస్తాయి. కృష్ణా తుంగభద్రల మధ్యనున్న ఈ నేలను ఇక్కడివారు నడిగడ్డ అంటారు. ఆ పేరులోని అర్థం కట్ట మీద నిలబడినప్పుడే మాకు పూర్తిగా బోధపడింది.

నవబ్రహ్మ ఆలయాలను బాదామి చాళుక్యులు ఏడవ, ఎనిమిదవ శతాబ్దాలలో నిర్మించారు. తారక, స్వర్గ, పద్మ, బాల, గరుడ, కుమార, అర్క, వీర, విశ్వ అని తొమ్మిది పేర్లూ బ్రహ్మవే అయినా, కట్టినవన్నీ శివాలయాలే. ఇదెందుకని మన పిల్లల్లో ఒకరు అడిగిన ప్రశ్నకు, బ్రహ్మ ఇక్కడ శివుని గురించి తపస్సు చేశాడన్న స్థలపురాణాన్ని అర్చకులు ఎంతో ఓపికగా వివరించారు. ఒక్క తారకబ్రహ్మ ఆలయం తప్ప, తెలుగునేల మీద మనం చూసే చాలా గుడుల మాదిరిగా ఇక్కడి శిఖరాలు మెట్లు మెట్లుగా ఉండవు. ఉత్తరాది నాగర పద్ధతిలో వంపు తిరుగుతూ పైకి వెళ్ళి, ఉసిరికాయను పోలిన ఆమలకంతో ముగుస్తాయి. కర్ణాటకలోని పట్టదకల్లును చూసిన సభ్యులు అక్కడి గళగనాథ ఆలయంతో ఉన్న పోలికను వెంటనే గుర్తుపట్టారు. చాళుక్య రాజు వినయాదిత్యుని కాలం నాటిదని శాసనం చెప్పే స్వర్గబ్రహ్మ ఆలయం దగ్గరే మేము ఒక పూట గడిపాము. గోడల గూళ్ళలోని శివమూర్తులను, మూలల్లోని దిక్పాలకులను చూస్తూ నాలుగు వైపులా తిరిగి వచ్చేసరికి ఎండ మారి, ఉదయం నీడలో ఉండి కనిపించని చెక్కడాలు సాయంత్రం కనిపించాయి. ఒక గుడి దగ్గర పూటంతా కూర్చోవడం వృథా కాదని నమ్మడానికి మాకు ఇంతకన్నా వేరే కారణం అక్కరలేకపోయింది.

కార్తికమాసంలో చేసిన రెండవ యాత్రలో సభ్యులకు అసౌకర్యం కలిగింది. ముందుగా సొమ్ము తీసుకున్న బస ఏర్పాటుదారు ఒకరు చివరి నిమిషంలో సగం గదులే ఇవ్వడంతో, కొందరు కర్నూలు వెళ్ళి తలదాచుకోవలసి వచ్చింది. ఇందుకు కార్యవర్గం క్షమాపణ కోరుతోంది. బస ఖరారైందని స్వయంగా చూసుకోకుండా సొమ్ము చెల్లించడం మా పొరపాటే. అయినా మరునాటి ఉదయం అందరూ వేళకు పాపనాశి ఆలయాల దగ్గరికి చేరుకున్నారు.

పాపనాశి గురించి కొంత విస్తరంగా చెప్పవలసి ఉంది. ఊరికి కొద్ది దూరంలో, పొలాల నడుమ, ఇరవైకి పైగా చిన్న చిన్న గుడులు ఒకదానికొకటి ఆనుకున్నట్టు నిలిచి ఉన్నాయి. నవబ్రహ్మల తరువాతి కాలానికి చెందిన వీటి పైకప్పులు పిరమిడ్ ఆకారంలో మెట్లుగా పేర్చినవి. లోపలి నల్లరాతి స్తంభాలు చెయ్యి పెడితే చల్లగా, నున్నగా తగులుతాయి. ఇవి మొదటినుంచీ ఇక్కడున్నవి కావు. శ్రీశైలం ప్రాజెక్టు జలాశయం నీటిమట్టం 885 అడుగులకు చేరితే వందకు పైగా గ్రామాలతో పాటు అనేక ప్రాచీన ఆలయాలు మునిగిపోతాయని తేలినప్పుడు, రాతికి రాతికి అంకె వేసి, విప్పి, తరలించి, అదే వరుసలో తిరిగి నిలబెట్టిన గుడులలో ఇవి కొన్ని. కృష్ణా తుంగభద్రల సంగమం వద్దనున్న కూడవెల్లి సంగమేశ్వరాలయం కూడా అలాగే ఆలంపురానికి వచ్చింది. ఎత్తైన అరుగు మీద రథంలా నిలిచిన ఆ గుడిని చూసినవారెవరికీ అది ఒకప్పుడు వేరే చోట ఉండేదన్న అనుమానం రాదు. ఏటా కొన్ని నెలలు నీటిలో మునిగి మళ్ళీ బయటపడే, వేపదారు లింగం ఉన్న సంగమేశ్వరం వేరు, ఈ కూడవెల్లి గుడి వేరు. రెండింటినీ ఒకటిగా భావించేవారు మన బృందంలోనూ ఉన్నందున ఈ విషయాన్ని ఇక్కడ నమోదు చేస్తున్నాను.

మన సభ్యురాలు ఒకరి పుట్టిల్లు ఆ ముంపు గ్రామాలలో ఒకటి. ఇల్లు ఖాళీ చేసిన రోజున ఆవిడ వయసు పన్నెండేళ్ళు. కూడవెల్లి గుడి అరుగు మీద కూర్చుని, తమ ఊరి గుడిని తరలించలేదని, ఎండాకాలంలో నీరు తగ్గినప్పుడు దాని ధ్వజస్తంభం దిమ్మె కనిపిస్తే చాలునని నాన్నగారు ఎదురుచూసేవారని చెప్పారు. ఆ తరువాత మాలో ఎవరమూ చాలాసేపు మాట్లాడలేదు. నిలిచిన గుడుల గురించి రాసినవి ఎన్నో దొరుకుతాయి. నీట మునిగిన ఊళ్ళలో బతికినవారి జ్ఞాపకాలను రాసి ఉంచుకోవడం కూడా మన విభాగం పనేనని అక్కడే అనుకున్నాము. ఆవిడ చెప్పినది ఆవిడ అనుమతితో రికార్డు చేసి, సంఘం గ్రంథాలయంలో భద్రపరిచాము.

మాఘమాసంలో, వసంత పంచమినాడు జరిగే జోగులాంబ అమ్మవారి నిజరూప దర్శనానికి మూడవ యాత్ర ఏర్పాటైంది. అష్టాదశ శక్తిపీఠాలలో ఒకటైన జోగులాంబ పాత ఆలయం పద్నాలుగవ శతాబ్దపు దాడిలో నాశనమైందని, అప్పటినుంచి అమ్మవారి మూర్తిని బాలబ్రహ్మ ఆలయంలోనే ఉంచి పూజించారని అక్కడివారు చెబుతారు. 2005లో కొత్త ఆలయం కట్టి అమ్మవారిని తిరిగి ప్రతిష్ఠించారు. ఉగ్రరూపాన్ని చల్లబరచడానికని గుడి చుట్టూ నీటి కొలను ఉంచారు. ఆనాటి రద్దీలో దర్శనానికి చాలాసేపు పట్టినా, మన సభ్యులెవరూ విసుగు చూపలేదు. నది ఒడ్డున జొన్నరొట్టె, పుంటికూర, పల్లీల పొడితో వడ్డించిన మధ్యాహ్న భోజనాన్ని అందరూ ఇప్పటికీ తలుచుకుంటున్నారు. తిరుగు ప్రయాణంలో గద్వాలలో ఆగి, నూలు చీరకు పట్టు అంచునూ కొంగునూ నేతలోనే కలిపే మగ్గాలను చూశాము.

ఈ ఊరి చరిత్రను వెలుగులోకి తేవడానికి జీవితాన్ని అంకితం చేసిన గడియారం రామకృష్ణశర్మ గారి కృషిపై డిసెంబరులో మన కాలనీ సభాభవనంలో ఒక సాయంకాల ప్రసంగం జరిగింది. 1953లో ఆంధ్ర సారస్వత పరిషత్తు సభలు ఈ చిన్న ఊరిలోనే జరిగాయని విన్నప్పుడు, అంతటి సాహితీవేత్తలు అక్కడికి ఎందుకు తరలివచ్చారో యాత్రకు వెళ్ళివచ్చినవారికి విడిగా చెప్పనవసరం లేకపోయింది.

యాత్రల జమాఖర్చులు ఆడిటరు పరిశీలించిన పత్రంలో ఉన్నాయి. బస విషయంలో నష్టపోయిన సొమ్మును సభ్యులపై వేయకుండా విభాగం నిధి నుంచి సర్దుబాటు చేశాము. రానున్న సంవత్సరానికి కార్యవర్గం రెండు ప్రతిపాదనలు చేస్తోంది. మొదటిది, ముంపు ఆలయాల జాడనే అనుసరించి, కర్నూలు జగన్నాథగట్టుకు తరలించిన రూపాల సంగమేశ్వరాలయాన్నీ, కొల్లాపురం దగ్గరి సోమశిల ఆలయాలనూ చూడడం. రెండవది, మన కాలనీలోనూ చుట్టుపక్కల కాలనీలలోనూ ఉన్న ముంపు గ్రామాల పెద్దల జ్ఞాపకాలను సేకరించడానికి ముగ్గురు సభ్యుల ఉపసంఘాన్ని నియమించడం. ఉపసంఘంలో పనిచేయదలచినవారు ఈ సమావేశం ముగిసేలోగా తమ పేర్లు ఇవ్వవలసిందిగా కోరుతూ, ఈ నివేదికను మీ ఆమోదానికి సమర్పిస్తున్నాను.

కార్యదర్శి,
సాంస్కృతిక విభాగం