జీఐ నంబర్ ఒక్కటే ఇస్తే ఎలా అండి?

ఎడిటర్ గారికి నమస్కారం. మీ ఆదివారం అనుబంధంలో జీఐ, అంటే గ్లైసెమిక్ ఇండెక్స్, తక్కువున్న తిండితో బరువు తగ్గడం గురించి వేసిన వ్యాసం ఇక్కడ బెంగళూరులో మా అపార్ట్‌మెంట్ తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూప్‌లో ఇంకా తిరుగుతూనే ఉంది. బాగానే రాశారు కానీ అందులో కినోవా, అవకాడో, ఓట్స్ తప్ప మనం రోజూ తినేది ఒక్కటీ లేదు, పైగా ఏది ఎంత తినాలో అసలు చెప్పలేదు, నా గొడవంతా ఆ రెండోదాని గురించే.

గ్లూకోజ్‌ని 100 అనుకుని, దాంతో పోలిస్తే ఒక తిండి రక్తంలో షుగర్‌ని ఎంత పెంచుతుందో చెప్పేదే కదా ఈ జీఐ, 55 లోపైతే లో, అంటే తక్కువ, 70 గానీ అంతకంటే పైన గానీ ఉంటే హై, అంటే ఎక్కువ. 1981లో టొరంటోలో డేవిడ్ జెంకిన్స్ అనే పరిశోధకుడి బృందం దీన్ని తెచ్చింది షుగర్ పేషెంట్ల కోసం, బరువు తగ్గించడానికి కాదు. అందుకే ఈ నంబర్‌లో క్యాలరీల లెక్క ఉండదు. పల్లీలే తీసుకోండి, జీఐ 15 దగ్గర ఉంటుంది, వంద గ్రాములు తింటే మాత్రం 560 క్యాలరీల పైమాటే. పుచ్చకాయకి చాలా పట్టికల్లో 70 పైన వేస్తారు, వంద గ్రాములకి గట్టిగా 30 క్యాలరీలు. మీ వ్యాసం పుణ్యమా అని మా గ్రూప్‌లో ఒకావిడ పుచ్చకాయ మానేసి సాయంత్రం టీవీ ముందు గిన్నెడు వేయించిన పల్లీలు పెట్టుకుని కూర్చుంటోంది, ఇక తగ్గినట్టే!

ఇక అన్నం. ఈ మారతహళ్లి వైపు ఏ ఆంధ్రా మెస్‌కైనా వెళ్లి చూడండి, ఆకు వెయ్యగానే పొడి, నెయ్యి, ముద్దపప్పు, గోంగూర, అన్నం బకెట్ పట్టుకున్న అబ్బాయి చాలు అనేలోపే వేసేస్తాడు, పప్పుకో విడత, సాంబారుకో విడత, రసానికో, పెరుగుకో, కూర మాత్రం మూలన రెండు స్పూన్లు. తెలంగాణ సోనా జీఐ 50 చిల్లరే అంటారు, మంచి బియ్యమే, కాదనను, కానీ నాలుగు విడతలు లాగిస్తే అది మాత్రం ఏం చేస్తుంది? రాగులూ అంతే, పిండి మెత్తగా ఆడించి జావ కాస్తే తొందరగా అరిగిపోయి షుగర్ వేగంగా పెరుగుతుంది, రాగి కదా అని గ్లాసులు గ్లాసులు తాగితే లాభం లేదు. పొట్టు పెసలతో వేసిన పెసరట్టు భేషైన టిఫిన్, దాంట్లో ఉప్మా కూరి ఎమ్మెల్యే చేసేదాకా మనకి నిద్ర పట్టదు కదా.

లో జీఐ దండగ అని నేననట్లేదు. యూరప్‌లో 8 దేశాల్లో చేసిన డయోజెనీస్ అనే స్టడీ 2010లో వచ్చింది, అందులో పాల్గొన్నవాళ్లు ముందు బరువు తగ్గింది రోజుకి 800 క్యాలరీల తిండితో. ఆ తర్వాత ఆ తగ్గిన బరువు మళ్లీ రాకుండా బాగా నిలబెట్టుకున్నది ప్రోటీన్ కొంచెం ఎక్కువ, జీఐ కొంచెం తక్కువ ఉన్న తిండి తిన్నవాళ్లు. అంటే కొలత తగ్గించాక ఇది తోడుంటుంది, మన భాషలో చెప్పాలంటే అన్నం ఒక విడతకి దించి ఆ ఖాళీలో పప్పు, శనగలు, గుడ్డు, బీరకాయో చిక్కుడుకాయో కూర నింపుకోవడం. అలా తింటే నాలుగింటికి ఆఫీసు కింద బేకరీలో పఫ్ మీదకి మనసు పోవడం చాలామందికి తగ్గుతుంది.

కాబట్టి ఇంకో వ్యాసం వేయండి, ఇడ్లీ, ఉప్మా, సంకటి, పులిహోర పేర్లతో, ఏది ఎన్ని గరిటెలో రాస్తూ, గ్రాములు వద్దు, మా ఇళ్లల్లో ఎవరూ తూచరు. ఇన్సులిన్, షుగర్ మాత్రలు వాడేవాళ్లు ఒక్కసారిగా అన్నం తగ్గిస్తే షుగర్ పడిపోవచ్చు, ముందు డాక్టర్ని అడగాలి అన్న ముక్క కూడా చేర్చండి, మొన్నటి వ్యాసంలో అది ఎక్కడా కనపడలేదు.

ఇట్లు,
మీ పాఠకురాలు,
మారతహళ్లి, బెంగళూరు