వయ వందన కార్డు: ఆధార్ సరిచూసుకోండి ముందు

సంపాదకుడికి,

డెబ్బై నిండినవారికి కేంద్రం వయ వందన కార్డుపై ఇచ్చే ఐదు లక్షల ఉచిత వైద్యం 2024 అక్టోబరు 29న మొదలైంది. గుంటూరులో ఇప్పటికీ 'మాకు తెల్ల రేషన్ కార్డు లేదు, మాకెవరిస్తారు' అనేవాళ్లే ఎక్కువ. ఆ ఆదాయ మెలిక దీనికి లేదు. సొంతిల్లున్నా, ప్రైవేటు బీమా ఉన్నా పర్వాలేదు. పాత జబ్బులకూ మొదటి రోజు నుంచే వర్తిస్తుంది.

చిక్కంతా ఆధార్ దగ్గరే. వయసుకు అదొక్కటే ఆధారం. ఆ తరంలో చాలామందికి పుట్టిన తేదీ ఎవరో అంచనాగా వేసిందే. 73 ఏళ్ల మనిషి ఆధార్‌లో 68గా ఉంటే కార్డు రాదు. ఓటీపీ వచ్చే ఫోను నంబరు ఎప్పుడో మారిపోయి ఉంటుంది. వేలిముద్రలా, అరిగిపోయి యంత్రానికి అందవు. కాబట్టి ముందు ఆధార్ కేంద్రంలో తేదీ, నంబరు సరిచేయించి, ఆ తర్వాతే కార్డు నమోదుకు ఆయుష్మాన్ యాప్ తెరవాలి. వేలిముద్ర పడకపోతే ముఖం చూపించి నమోదు చేయొచ్చు.

ఐదు లక్షలు ఇంటికి, మనిషికి కాదు. భార్యాభర్తలిద్దరూ డెబ్బై దాటితే అదే మొత్తాన్ని పంచుకోవాలి. సీజీహెచ్‌ఎస్ (కేంద్ర ఉద్యోగుల వైద్య పథకం), ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికులది) ఉన్నవారు అదో, ఇదో ఒకటే ఎంచుకోవాలి. అక్కడ ఓపీ, నెలవారీ మందులు కూడా దొరుకుతాయి గనుక తొందరపడి వదులుకోవద్దనే నా సలహా. వయ వందనలో అయితే ఆసుపత్రిలో చేరితేనే చికిత్స: చేరడానికి ముందు మూడు రోజులు, డిశ్చార్జి తర్వాత పదిహేను రోజుల మందుల వరకే. బీపీ, షుగరు మాత్రలు మన జేబులోంచే.

ఆసుపత్రి పథకంలో ఉందంటే అన్ని విభాగాలూ ఉన్నట్టు కాదు. గుండెకు ఉండి మోకాలికి లేకపోవచ్చు. చేరకముందే పథకం హెల్ప్‌లైన్ 14555కు ఫోన్ చేసి, ఆసుపత్రిలో పథకం కౌంటర్‌లోని సహాయకుడైన ఆరోగ్యమిత్రను విభాగం పేరు చెప్పి అడగాలి. ముందు డబ్బు కట్టేసి తర్వాత రాబట్టుకుందామంటే కుదరదు. ఇది నగదురహిత పథకం.

ప్రతి నెలా సచివాలయ సిబ్బంది పింఛను ఇవ్వడానికి ఇంటింటికీ వస్తున్నారు. అదే చేత్తో మంచాన ఉన్న వృద్ధుల ఆధార్ వయసు, ఫోను నంబరు చూసి నమోదు చేయిస్తే బాగుంటుంది. పింఛను రాని ఇళ్లనూ వదలకూడదు; ఈ కార్డు గురించి తెలియనిది ఎక్కువగా వాళ్లకే. ఇక ప్రతి ఆసుపత్రీ ఏ విభాగాల్లో పథకం అమలవుతుందో గుమ్మం దగ్గర తెలుగులో బోర్డు పెట్టేలా జిల్లా అధికారులు ఆదేశించాలి.

– ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు