20 కోడిపిల్లలకు 500 డోసుల సీసా

కర్ణాటక పశుసంవర్ధక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మాది హిందూపురం. యలహంక దగ్గర ఇల్లు కట్టుకుని 11 ఏళ్లయింది. కన్నడ గడగడా మాట్లాడతాను గానీ రాయడం రాదు, అందుకే ఈ ఉత్తరం తెలుగులో. బెంగళూరులో తెలుగు చదివిపెట్టేవాళ్లకు కరువు లేదు కదా!

ఇంటి వెనక జాగాలో మా తిండి వరకు బ్రాయిలర్ కోళ్లు పెంచుతాను. హ్యాచరీ నుంచి ఒక్కరోజు పిల్లల్ని 20 తెస్తాను. మొదటి వారం బల్బు కింద 35 డిగ్రీల వేడి ఉండాలి. తర్వాత వారానికి మూడేసి డిగ్రీలు తగ్గించుకుంటూ రావాలి. థర్మామీటర్ కంటే పిల్లలే బాగా చెబుతాయి. చలేస్తే బల్బు కింద ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి, ఉక్కపోస్తే దూరంగా పోయి నోరు తెరుచుకుని ఒగరుస్తాయి. (ఎల్‌ఈడీలు వచ్చాక వేడినిచ్చే గుండు బల్బు దొరకడమే గగనమైంది. అది మీ శాఖ పని కాదులెండి.) ఊక తడవనీయకుండా, మేతకు లోటు రానీయకుండా చూసుకుంటే ఆరు వారాలకు రెండు కిలోలు తూగుతాయి. ఇదంతా మేం చేసుకోగలం.

మా చేతిలో లేనిది టీకా. మొదటి వారంలోనే కొక్కెర తెగులుకు కంట్లో చుక్క వేయాలి, రెండో వారంలో గంబోరో అనే ఇంకో తెగులుకు వేయాలి. మా దగ్గరి మందుల షాపులో ఉన్నది 500 డోసుల సీసా. ఒకసారి కలిపితే గంట, రెండు గంటల్లో వాడేయాలి. అంటే నేను 20 చుక్కలు వేసి 480 పారబోయాలి. పోయిన డిసెంబర్‌లో పశువుల ఆసుపత్రికి వెళ్లి అడిగితే, "20 పిల్లలకు సీసా తెరవలేం సార్" అన్నారు. వాళ్ల మాటా తప్పు కాదు. సరేలే అని టీకా లేకుండానే లాగించాను. అది మాత్రం నా తప్పే.

నాలుగో వారంలో ఆకుపచ్చ రెట్ట మొదలైంది. మా పాప పేరు పెట్టుకున్న కోడిపిల్లకు మెడ మెలిపడిపోయింది. గింజకు గురిపెట్టి పొడిస్తే ముక్కు పక్కన నేలకు తగిలేది. మళ్లీ పొడిచేది. 20లో మూడు మిగిలాయి.

టీకాలు తయారుచేసే మీ సంస్థ హెబ్బాళలోనే ఉంది. పెరట్లో పెంచుకునే గిరిరాజ కోడి జాతిని తయారుచేసిందీ హెబ్బాళలోనే. ఇంత దగ్గర్లో ఉండి మాకు 20 చుక్కలు దొరకడం లేదు.

నేను అడిగేది ఒక్కటే. వారానికి ఒకరోజు, ఫలానా గంటకు సీసా తెరుస్తామని పశువుల ఆసుపత్రి గుమ్మంలో బోర్డు పెట్టించండి. నలుగురి పిల్లలూ ఒకచోట చేరితే రోగాలు అంటుకుంటాయని డాక్టర్లు అనొచ్చు, నిజమే. అందుకే పిల్లల్ని కాదు, మమ్మల్ని రమ్మనండి. కలిపిన మందు తలా కాస్త ఐసులో పెట్టిచ్చి, చుక్క వేయడం ఒకసారి చూపిస్తే ఇంటికెళ్లి వేసుకుంటాం. ఊరికే వద్దు, డబ్బు తీసుకోండి.

గూడు కడిగి, సున్నం కొట్టి ఉంచాను. పిల్లల్ని ఇంకా తేలేదు.

ఇట్లు,
యలహంక నుంచి ఒక తెలుగువాడు