డెడ్‌లాక్‌కి రెండు లాకులు అక్కర్లేదండీ, ఒక్కటి చాలు

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన వారం మీ చదువుల పేజీలో ఆపరేటింగ్ సిస్టమ్స్ బిట్లు వేసారు కదా, అందులో "డెడ్‌లాక్ రావాలంటే కనీసం ఎన్ని లాకులుండాలి" అని ఒక బిట్ ఉంది (డెడ్‌లాక్ అంటే ప్రోగ్రామ్‌లో ఒకరికోసం ఒకరు ఆగిపోయి ఎవరూ కదలని చిక్కు, లాక్ అంటే ఒకదాన్ని ఒకసారి ఒకరే వాడేలా పెట్టే గడియ), కింద తలకిందులుగా అచ్చేసిన కీలో రెండు అని ఇచ్చారు. మా మేనల్లుడు ఒకటి అని పెట్టాడు. ఇంజినీరింగ్ మూడో సంవత్సరం గుంటడు, కీ చూసుకుని మొహం మాడ్చుకున్నాడు. వాడు గుడ్డిగా పెట్టలేదండీ, ఎండాకాలం సెలవుల్లో నా పక్కన కూచుని కళ్ళారా చూసి పెట్టాడు, ఆ సంగతి చెబుదామనే ఈ ఉత్తరం. కొంచెం పొడుగవుతాది, ఏమనుకోకండి.

మాది విజయనగరం కంటోన్మెంట్ వైపు. ఇంటి దగ్గర్నుంచే ఒక చిన్న కంపెనీకి సీ ప్లస్ ప్లస్‌లో ప్రోగ్రాములు రాస్తాను. పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీకి డ్రయ్యర్ల టెంపరేచర్ రీడింగులు తీసుకునే ప్రోగ్రామ్ ఇచ్చాం, లైనక్స్ మీద నడుస్తుంది, ఒక్కో రకం మెషీన్‌కి ఒక్కో ప్లగిన్ (విడిగా రాసిన కోడ్ ఫైలు), ప్రోగ్రామ్ మొదలయ్యాక ఆ ప్లగిన్ ఫైల్ని డీఎల్‌ఓపెన్ అనే ఫంక్షన్‌తో లోపలికి తెచ్చుకుంటాం. ఇక్కడ మా దగ్గర నెల రోజులు బ్రహ్మాండంగా నడిచింది. అక్కడ పెట్టగానే బిగుసుకుపోయింది. క్రాష్ కాదు, ఎర్రర్ లేదు, లాగ్‌లో ఒక్క ముక్క లేదు, సీపీయూ సున్నా, ఊరికే అలా కూచుంది.

నాతో పనిచేసే బొబ్బిలి కుర్రాడు పలాస వెళ్ళి ఫోన్‌లో నెట్ ఆన్ చేసి కలిపి రీస్టార్ట్ చేస్తే వెంటనే పనిచేసింది, తీసేసి రీస్టార్ట్ చేస్తే మళ్ళీ హ్యాంగ్. "అక్కా, నెట్ పెడితే బాగుంది, తీస్తే పోతంది, ఇంకేటి చూడాలి, ఇది నెట్ ప్రాబ్లమే" అన్నాడు. నేనూ నమ్మేసాను. రెండు రోజులు సాకెట్లు, టైమౌట్లు అన్నీ తిరగేసాను, అందులో ఏమీ లేదు. దారి తప్పించే సాక్ష్యం ఎప్పుడూ ఇంత నీటుగానే ఉంటుంది.

మూడో రోజు బుద్ధొచ్చి, బిగుసుకుపోయిన ప్రోగ్రామ్‌కే, దాని లోపల ఏముందో చూపించే జీడీబీ తగిలించి, అన్ని థ్రెడ్‌ల (ప్రోగ్రామ్‌లో పక్కపక్కనే నడిచే పనుల) బ్యాక్‌ట్రేస్, అంటే ఏది ఏ ఫంక్షన్‌లో ఆగిందో చెప్పే జాబితా, తీయించాను. నిజానికి మొదటి గంటలోనే చెయ్యాల్సిన పని. రెండే థ్రెడ్‌లున్నాయి. మొదటిది డీఎల్‌ఓపెన్‌లోకి వెళ్ళింది, అందులోంచి ప్లగిన్ కన్‌స్ట్రక్టర్‌లోకి, అంటే లోడ్ అవగానే దానంతటదే నడిచే కోడ్‌లోకి వెళ్ళింది, అక్కడ ఇంకో థ్రెడ్ ముగిసేదాకా కాచుకునే పీథ్రెడ్ జాయిన్ దగ్గర ఆగింది. రెండోది పని ముగించుకుని, థ్రెడ్‌ని ముగించే పీథ్రెడ్ ఎగ్జిట్ పిలిచింది, ఆ ఎగ్జిట్ లోపల్నుంచి మళ్ళీ డీఎల్‌ఓపెన్‌లోకి వెళ్ళి ఒక మ్యూటెక్స్ (ఒక రకం లాక్) కోసం ఆగింది. థ్రెడ్ చచ్చిపోవడానికి డీఎల్‌ఓపెన్ ఎందుకు అని నేనూ మా మేనల్లుడూ మొహమొహాలు చూసుకున్నాం.

సంగతేటంటే, పీథ్రెడ్ ఎగ్జిట్ పిలిస్తే ఆ థ్రెడ్ స్టాక్‌ని (పిలిచిన ఫంక్షన్ల దొంతరని) ఒక్కో మెట్టూ వెనక్కి విప్పుకుంటూ రావాలి, ఆ విప్పే కోడ్ లిబ్‌జీసీసీ అనే వేరే లైబ్రరీలో ఉంటుంది, జీలిబ్‌సీ (లైనక్స్‌లోని సీ లైబ్రరీ) దాన్ని మొదటిసారి అవసరమైనప్పుడే లోడ్ చేసుకుంటుంది. ఆ లైబ్రరీ లేకపోతే పీథ్రెడ్ ఎగ్జిట్ పనిచెయ్యదు అని లైనక్స్‌లో ఒక ఎర్రర్ మెసేజ్ చాలామంది చూసే ఉంటారు, దాని వెనకున్నది ఇదే. లైబ్రరీలు తెచ్చి అతికించే డైనమిక్ లింకర్‌కి ఒక లాక్ ఉంది, ఇద్దరు ఒకేసారి అతికిస్తే దాని జాబితాలు చెడిపోతాయి కాబట్టి. చిక్కంతా ఎక్కడంటే ఫైల్ని అతికించడమే కాదు, ఆ ఫైల్లో ఉన్న కన్‌స్ట్రక్టర్లు నడిచినంతసేపూ కూడా లింకర్ ఆ లాక్ వదలదు. మెషీన్ కంపెనీ వాళ్ళు రాసిన ప్లగిన్ ఏం చేసిందంటే, కన్‌స్ట్రక్టర్‌లోనే ఒక థ్రెడ్ పుట్టించి, మెషీన్ బతికుందో లేదో చూసి రమ్మని పంపి, అది ముగిసేదాకా జాయిన్‌లో కూచుంది. లాక్ మొదటి థ్రెడ్ చేతిలో ఉంది. ఆ లాక్ దొరికితే గానీ రెండోది చావలేదు, రెండోది చస్తే గానీ మొదటిది లాక్ వదలదు.

మా మామ్మకి చెవుడు. ఒకసారి వీధి తలుపు గడియ పెట్టి, నన్ను కొట్టుకి పంపిన సంగతి గుర్తుపెట్టుకుని, పిల్ల వచ్చాక తీద్దామని లోపల కూచుంది. నేను బయట నిలబడి మామ్మా మామ్మా అని అరుస్తున్నాను. ఉన్నది ఒకటే గడియ. ఇది కథ కాదు, సగం మధ్యాహ్నం ఎండలో నిలబడ్డాను.

మావాడికి అప్పుడు చూపించాను, జీడీబీలో లింకర్ లాక్‌ని ప్రింట్ చేస్తే దాని ఓనర్ ఎవరో నంబర్ కనిపిస్తుంది, అది మొదటి థ్రెడ్ నంబరే. ఇంకో లాక్ ఎక్కడుందా అని వాడు వెతికాడు, లేదు. మా కోడ్‌లో మ్యూటెక్స్ అన్న మాటే లేదు, ప్లగిన్‌లోనూ లేదు. రెండో వైపు ఉన్నది లాక్ కాదు, ఎదురుచూపు. వాడు ఒకటి అని పెట్టింది ఇందుకే.

మరి నెట్ సంగతి? నెట్ ఉంటే మా ప్రోగ్రామ్ ముందుగా ఒక చిన్న థ్రెడ్‌తో పాత లాగులు పైకి పంపుతుంది, అది కూడా పీథ్రెడ్ ఎగ్జిట్‌తోనే ముగుస్తుంది. అప్పుడే లిబ్‌జీసీసీ లోడైపోయి దాని హ్యాండిల్ దాచిపెట్టుకుంటుంది కాబట్టి తర్వాత ఎవరు ఎగ్జిట్ పిలిచినా మళ్ళీ డీఎల్‌ఓపెన్ అక్కర్లేదు, లింకర్ లాక్ జోలికే పోదు. నెట్ లేకపోతే ఆ చిన్న థ్రెడ్ లేదు, ప్లగిన్ థ్రెడ్డే మొదటిది, ఇరుక్కుంది. నెట్ స్లోగా ఉంటే కూడా అప్పుడప్పుడు ఎందుకు హ్యాంగ్ అయిందో దీంతో తేలిపోయింది. విజయనగరంలో మాకు నెట్ ఎప్పుడూ ఉంది, అదే మా కొంప ముంచింది.

బొబ్బిలి కుర్రాడు కొత్త జీలిబ్‌సీ వేద్దాం అన్నాడు, 2021 ఆగస్టులో వచ్చిన 2.34లో థ్రెడ్ లైబ్రరీని విడిగా ఉంచకుండా సీ లైబ్రరీలోనే కలిపేసారు కదా, ఇద్దరూ ఒకింట్లోకొచ్చాక గొడవుండదు అని వాడి ఆశ. వేసాం. మళ్ళీ హ్యాంగే. కన్‌స్ట్రక్టర్ నడిచేటప్పుడు లాక్ పట్టుకోవడం అలాగే ఉంది మరి. పీథ్రెడ్ ఎగ్జిట్ తీసేసి మామూలుగా రిటర్న్ అని రాస్తే హ్యాంగ్ అవ్వడం ఆగిపోయింది, కానీ దాన్ని ఒప్పుకోలేదు నేను, రేపు ఆ థ్రెడ్‌లో ఎవడో హోస్ట్ (ఇంకో కంప్యూటర్) పేరు వెతుకుతాడు, లేదా అక్షరాల కోడ్ మార్చే ఐకాన్వ్ పిలుస్తాడు, అవి కూడా తమకి కావాల్సిన మాడ్యూళ్ళని డీఎల్‌ఓపెన్ చేసుకునే అవకాశం ఉంది. థ్రెడ్ పని మొత్తం కన్‌స్ట్రక్టర్లోంచి బయటికి తీసి, డీఎల్‌ఓపెన్ తిరిగొచ్చాక మేమే పిలిచే ఒక ఇనిట్ ఫంక్షన్‌లో పెట్టించాం, మెషీన్ వాళ్ళతో దానికోసం పడ్డ గొడవ ఇంకో ఉత్తరం అవుతుంది. విండోస్‌లో అయితే కొత్త థ్రెడ్ మొదలవ్వడానికే లోడర్ లాక్ (అక్కడి లింకర్ లాక్ లాంటిది) కావాలి, డీఎల్ఎల్ మెయిన్‌లో (అక్కడి కన్‌స్ట్రక్టర్ లాంటి దాంట్లో) థ్రెడ్ పుట్టించి దానికోసం ఆగితే మొదటి రోజే ఇరుక్కుంటుంది, బేగి బయటపడుతుంది కాబట్టి అదే నయమేమో అనిపించింది నాకు.

ఇక మీ బిట్ సంగతి. మ్యూచువల్ ఎక్స్‌క్లూజన్ (ఒకసారి ఒకరికే), హోల్డ్ అండ్ వెయిట్ (ఒకటి పట్టుకుని ఇంకోదానికి ఆగడం), నో ప్రీఎంప్షన్ (బలవంతంగా లాక్కోలేకపోవడం), సర్క్యులర్ వెయిట్ (చుట్టుగా ఎదురుచూపు) అని నాలుగు షరతులు పిల్లలకి నేర్పుతున్నాం కదా, అవి 1971లో కాఫ్‌మన్, ఎల్ఫిక్, షొషానీ అనే ముగ్గురు రాసిన పేపర్‌లోవి. ఆ నాలుగింటిలో ఎక్కడా రెండు లాకులు అని లేదు, ఒకరికోసం ఒకరు ఆగే చుట్టు పూర్తవ్వాలి అంతే. 1972లో హోల్ట్ అనే ఆయన ఇంకా విడమర్చాడు, వాడుకుని తిరిగిచ్చే వనరు వేరు, ఒకరు పుట్టిస్తే ఇంకొకరు వాడేసుకునే వనరు వేరు అని. థ్రెడ్ ముగిసిందన్న కబురు ఆ రెండో రకం. అసలు థ్రెడ్‌లు కూడా రెండు అక్కర్లేదు, రికర్సివ్ కాని (పట్టుకున్నవాడికే మళ్ళీ దొరకని) మ్యూటెక్స్‌ని ఒకే థ్రెడ్ రెండుసార్లు పట్టుకుంటే తనకి తనే అడ్డం పడుతుంది. డైక్‌స్ట్రా అనే కంప్యూటర్ శాస్త్రవేత్త డెడ్‌లాక్‌ని చావు కౌగిలి అన్నాడు, మనకి ధృతరాష్ట్ర కౌగిలి గుర్తొస్తుంది గానీ అక్కడ నలిగింది ఇనప భీముడొక్కడే, ఇక్కడ ఇద్దరూ పోతారు.

వచ్చే వారం ఆ పేజీలోనే చిన్న సవరణ వేసి కీలో రెండుని ఒకటి చెయ్యండి, ప్రశ్నే మార్చి "డెడ్‌లాక్‌కి కావాల్సింది ఏది" అని అడిగితే ఇంకా మంచిది. మావాడు పాత కటింగ్ దాచాడు, పక్కన కొత్తది అతికించి క్లాసులో చూపిస్తానంటున్నాడు, వాళ్ళ సార్ కూడా రెండే అన్నారట.

ఇట్లు,
మీ పాఠకురాలు,
కంటోన్మెంట్, విజయనగరం