పెద్ద సిరను తాకిన ఊపిరితిత్తి గడ్డ: 'కోయలేం' అనే ముందు

సంపాదకుల వారికి,

మా బావగారికి పొద్దున్నే ముఖం ఉబ్బడం, మెడ నరాలు పొంగడం మొదలయ్యే నాటికి ఆయన నాలుగు నెలలుగా టీబీ మందులు మింగుతున్నారు; కళ్లె పరీక్షలో క్షయ క్రిములు మాత్రం ఏనాడూ కనబడలేదు. చివరికి సీటీ తీయించాక ఒక ప్రైవేటు ఆసుపత్రి వారు 'గడ్డ పెద్ద నరాన్ని పట్టేసింది, కోయలేం' అని ఒక్క మాట రాసి పంపేశారు. రిపోర్టులోని 'టీ4'ను మేము క్యాన్సర్ నాలుగో దశ అనుకొని ఇంటిల్లిపాదీ కుంగిపోయాం. పక్కనున్న అవయవాల్లోకి చొచ్చుకుపోయిన గడ్డకు కూడా ఆ గుర్తు వేస్తారనీ, వ్యాధి దూరపు అవయవాలకు పాకకుంటే అది మూడో దశేననీ తరువాత తెలిసింది.

మన వైపు సిరనైనా ధమనినైనా నరమనే అంటాం గాని, ఈ శస్త్రచికిత్సలో ఆ తేడా చాలా పెద్దది. తల, చేతుల నుంచి గుండెకు రక్తం తెచ్చే పెద్ద సిర గోడ కొంతే పాడైతే ఆ మేరకు కోసి గుండె పైపొరతో అతుకు వేస్తారు, ఎక్కువైతే కృత్రిమ గొట్టం అమరుస్తారు. ఊపిరితిత్తి ధమనిలో చెడిన ముక్కను తీసి రెండు కొసలను కలిపి కుట్టగలరు. బృహద్ధమని జోలికి వెళ్లడం మాత్రం ఎంతో అనుభవమున్న కొద్ది చోట్ల, కొద్దిమంది రోగులకే.

ఇవన్నీ అందరికీ చేయాలని నా వాదన కాదు. మా బావగారికి రెండు ఊపిరితిత్తుల నడిమి గ్రంథుల్లోనూ వ్యాధి ఉందని విశాఖలో నిపుణులు తేల్చి, శస్త్రచికిత్సకు బదులు కీమో, రేడియేషన్ ఇచ్చారు. బొమ్మలు చూపించి కారణం చెప్పారు గనుక ఆ నిర్ణయాన్ని మేము ఒప్పుకోగలిగాం. మొదటి చీటీలో కారణమే లేదు.

అందుచేత శ్రీకాకుళం, విజయనగరం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో ఇటువంటి సీటీ బొమ్మలను విశాఖ దగ్గరి అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి పంపి, ఛాతీ శస్త్రవైద్యుడి అభిప్రాయం రాతపూర్వకంగా తెప్పించే ఏర్పాటు చేయాలి. ఇచ్ఛాపురం రోగి ఆ ఒక్క మాట కోసం 200 కిలోమీటర్లకు పైగా ప్రయాణించనక్కరలేదు. ఉద్దానంలో మూత్రపిండాలు దెబ్బతిన్నవారి సంగతి మరింత జాగ్రత్తగా చూడాలి. సీటీలో రక్తనాళాలు స్పష్టంగా కనబడేందుకు ఎక్కించే మందూ, కీమోలో వాడే సిస్‌ప్లాటినూ వారికి హాని చేయగలవు. ఎన్టీఆర్ వైద్యసేవ అధికారులు కూడా 'శస్త్రచికిత్సకు వీల్లేదు' అన్న ప్రతి చీటీకీ కారణమూ, చెప్పిన నిపుణుడి సంతకమూ అడగాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
నరసన్నపేట, శ్రీకాకుళం జిల్లా.